ఫుట్‌బాల్ మాస్టారు రహీం సాబ్

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఏటా ఒక మహనీయుడి జీవితం వేయడం ఆనవాయితీ. అంబేద్కర్, పూలే, జాషువా గార్ల గురించి మన తమ్ముళ్ళు ఇప్పటికే చాలా బాగా రాశారు. ఈసారి నేను ఒక ఆటల మాస్టారు గురించి రాస్తున్నాను. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ వాళ్ళు రహీం సాబ్ అనేవారు. 2024లో హిందీలో మైదాన్ అనే సినిమా వచ్చాక కొంతమందికి ఆ పేరు తెలిసింది. అంతకుముందు మన హాస్టల్లో ఎవరినైనా అడిగితే క్రికెట్ ఆటగాళ్ళ పేర్లు పది చెప్పేవాళ్ళే గాని, ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టును నాలుగో స్థానం దాకా తీసుకెళ్ళింది మన హైదరాబాదీ బడిపంతులేనని చెప్పగలిగినవాళ్ళు ఎందరు?

ఆయన గురించి రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఫుట్‌బాల్ చూసే తమ్ముళ్ళ మధ్య తరచు ఒక వాదన నడుస్తుంటుంది. మన లీగుల్లో మన పిల్లలు ఆడే చోట్లు తగ్గిపోయి, ముఖ్యమైన స్థానాలన్నీ విదేశీ ఆటగాళ్ళకు పోతే దేశ జట్టు బలహీనపడుతుందా, లేదా? కొందరు అవునంటారు. కొందరు, పెద్ద ఆటగాళ్ళ పక్కన ఆడితేనే కదా మనవాళ్ళు నేర్చుకునేది అంటారు. రహీం సాబ్ జీవితం తెలుసుకుంటే ఈ వాదనకు జవాబు చాలావరకు దొరుకుతుందని నా అభిప్రాయం.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పుడు అది నిజాం రాజ్యం. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకుంటూ కాలేజీ జట్టులో ఆడారు. నగరంలో పేరున్న ఖమర్ క్లబ్‌కూ ఆడారు. చదువయ్యాక ఉపాధ్యాయ వృత్తిలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూళ్ళలో పనిచేశారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని పిల్లల ఆటపాటల బాధ్యత చూశారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆయన పెద్ద పేరున్న ఆటగాడిగా రిటైరై కోచ్ అయిన మనిషి కాదు. తరగతి గదిలోంచి మైదానంలోకి వచ్చిన మాస్టారు. పిల్లవాడికి ఏది రావడం లేదో కనిపెట్టి అదే పనిగా చేయించడం ఆయనకు బడిలో అలవాటైన పద్ధతి.

1940వ దశకంలో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. కార్యదర్శి పదవి అంటే మనకు రసీదు పుస్తకం, మీటింగులు గుర్తొస్తాయి. రహీం సాబ్ మాత్రం ఆ పదవిని నగరంలో పిల్లలకు ఆట నేర్పడానికి వాడుకున్నారు. ఆయన పెట్టిన పోటీలు కొన్ని వింటే మనకు ఆశ్చర్యం వేస్తుంది. ఒక పోటీలో బంతిని కాళ్ళ మధ్య పెట్టుకుని డ్రిబ్లింగ్ చేయకూడదు, వెంటనే పాస్ ఇచ్చేయాలి. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో అన్నమాట.

దీనివల్ల ఏం జరుగుతుందో మీరే ఆలోచించండి. డ్రిబ్లింగ్ చేయకూడదంటే, బంతి తన దగ్గరకు రాకముందే ఎవరికి ఇవ్వాలో చూసుకుని ఉండాలి. అంటే కళ్ళు బంతి మీద కాకుండా మైదానమంతా తిరగాలి. ఎడమకాలు కూడా పనిచేయడం మొదలైతే ఆటగాడు ఎటువైపు తిరుగుతాడో ఎదుటివాడికి అంతు చిక్కదు. ఖర్చు చూస్తే పైసా లేదు. కొత్త బూట్లు అక్కర్లేదు, విదేశీ శిక్షణ అక్కర్లేదు. మన హాస్టల్ వెనక గ్రౌండులో సాయంత్రం ముప్పైమంది ఒక్క బంతి వెంట పరిగెత్తుతుంటాం. గంట ఆడినా చిన్నవాళ్ళకు బంతి నాలుగుసార్లు తగిలితే గొప్ప. గట్టివాడు ఒక్కడే అందరినీ తప్పించుకుంటూ పోతాడు, మిగతావాళ్ళు చూస్తుంటారు. రహీం సాబ్ నియమం పెడితే ఆ గట్టివాడు కూడా బంతి వదలాలి, చిన్నవాడు కూడా ఆడాలి. పీఈటీ సార్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒకసారి ప్రయత్నించమని మనవి.

ఆయనకు దొరికిన గొప్ప జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. పేదింటి కుర్రాడికి ఆట మీద ఎంత ప్రేమ ఉన్నా, ఇల్లు గడవకపోతే ఇరవై ఏళ్ళకే ఆట మానేస్తాడు. పోలీసు శాఖలో ఉద్యోగం దొరికితే నెల జీతం వస్తుంది, ఆట సాగుతుంది. ఈ ఏర్పాటు వల్ల నగరంలోని మంచి ఆటగాళ్ళు ఒకేచోట ఏళ్ళ తరబడి కలిసి ఆడగలిగారు. ఫలితం దేశమంతా చూసింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరసగా 5 సార్లు హైదరాబాద్ పోలీస్ గెలిచింది. 1950లో కలకత్తా దిగ్గజం మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58లలో హైదరాబాద్ వరసగా రెండుసార్లు గెలిచింది. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడిపోయింది. ఫుట్‌బాల్‌లో మాత్రం జట్టు పేరు ఇంకా హైదరాబాదే!

తులసీదాస్ బలరాం సంగతి ఇక్కడ చెప్పాలి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పెరిగిన పేదింటి కుర్రాడు. అతని ఆట రహీం సాబ్ కంట్లో పడింది. హైదరాబాద్ వచ్చి శిక్షణలో చేరమన్నారు. రోజూ అంత దూరం రావడానికి తన దగ్గర డబ్బుల్లేవని కుర్రాడు చెప్పాడు. అద్దె సైకిలు కోసం రోజుకు ఒక రూపాయి తాను ఇస్తానని రహీం సాబ్ ఒప్పించారట. ఆ రూపాయి సైకిలు మీద వచ్చిన బలరాం 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆడాడు. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్ అయ్యాడు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. మనలో చాలామందికి ఈ కథ కొత్త కాదు. బస్ పాస్ లేక, పరీక్ష ఫీజు లేక ఆగిపోబోయి, ఎవరో ఒక మాస్టారు జేబులోంచి తీసి ఇస్తే ముందుకు పోయినవాళ్ళు మన పాత విద్యార్థుల్లో ఎంతమంది లేరు!

ఇక దేశ జట్టు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో రహీం సాబ్ శిక్షణలో భారత్ స్వర్ణం గెలిచింది. ఫైనల్లో ఇరాన్ మీద 1-0. మేవాలాల్ గోల్ కొట్టాడు. దేశమంతా సంబరపడింది.

మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఆ సంబరమంతా దిగిపోయింది. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయాం. మనవాళ్ళలో చాలామంది ఉత్తకాళ్ళతో ఆడారు. అది చలి దేశం. అప్పట్లో మన దేశంలో మ్యాచ్ 70 నిమిషాలే, అక్కడ 90. చివరి ఇరవై నిమిషాలు మన కాళ్ళకు అలవాటు లేని సమయం.

నేను ముందు చెప్పిన వాదనలో ఈ ఓటమికి పెద్ద స్థానం ఉంది. ఆ జట్టులో ప్రతి ఒక్కడూ మన లీగుల్లోనే ఆడేవాడు. మన క్లబ్బుల్లో అన్ని స్థానాలూ దాదాపు మనవాళ్ళవే. అయినా పది గోల్స్ పడ్డాయి. కాబట్టి మన పిల్లలతో లీగు నింపేస్తే చాలు, దేశ జట్టు దానంతట అదే బలపడుతుందనే మాట నిలబడదు. ఇంటి లీగు బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా, తక్కువ నిమిషాలు, ఉత్తకాళ్ళు, ఎవరికి వారే డ్రిబ్లింగ్ అంటూ సాగితే, అందులోంచి వచ్చిన ఆటగాడు ఎంత ప్రతిభావంతుడైనా అక్కడికి వెళ్ళి తెల్లబోతాడు. రహీం సాబ్ ఈ దెబ్బను బాగా అర్థం చేసుకున్నారు. హెల్సింకీ తర్వాత దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఐరోపా జట్లు ఎలా నిలబడుతున్నాయి, బంతిని ఎలా కదుపుతున్నాయి అనేది ఆయన శ్రద్ధగా చదివి, మనవాళ్ళకు తగినట్టు మార్చి నేర్పారు. విదేశాల నుంచి ఆయన తెచ్చుకున్నది పద్ధతి. ఆడే చోటు మాత్రం మన కుర్రాళ్ళదే.

నాలుగేళ్ళకు ఫలితం కనిపించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్. హంగరీ రాకపోవడంతో మొదటి రౌండు దాటాం. డిసెంబరు 1న ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించాం. బొంబాయి కుర్రాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియా ఆటగాడు అతనే. సెమీఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లావియా. ముందు గోల్ కొట్టింది మనమే, అదీ నెవిల్ గోలే. తర్వాత 4-1తో ఓడిపోయాం. కాంస్యం కోసం జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే.

ఆ జట్టులో మన నగరం నుంచి ఎదిగినవాళ్ళు ఎందరో చూడండి. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, బలరాం, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్. దేశమంతటి జట్టులో ఒక్క ఊరివాళ్ళు ఇంతమంది! రహీం సాబ్ తన ఊరివాళ్ళని పక్షపాతంతో తీసుకున్నారని అనుకునేవాళ్ళు ఉంటారు. అలాంటి అనుమానం ఉన్నవాళ్ళు ఒక సంగతి తెలుసుకోవాలి. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం ఉన్నాడు. ఆ ఒలింపిక్స్‌లో హకీం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కన్నకొడుకును బెంచి మీద కూర్చోబెట్టిన మనిషి ఊరివాడని ఎవరికీ చోటు ఇవ్వరు.

రోమ్‌లో హంగరీ చేతిలో 2-1 తేడాతో ఓడినా, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకున్నాం. ఆ తర్వాత ఇప్పటివరకు భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు వెళ్ళనేలేదు.

రహీం సాబ్ చివరి పెద్ద పని 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్. సిగరెట్ అలవాటు ఎక్కువ. (తమ్ముళ్ళూ, ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన్ని అనుసరించకండి.) మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. తర్వాత థాయిలాండ్ మీద 4-1తో గెలిచాం గాని, డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్ మీద అతను లేకుండానే 2-0తో గెలిచాం. సెమీఫైనల్ వచ్చేసరికి రహీం సాబ్ ఎవరూ ఊహించని పని చేశారు. తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ను వెనక కాకుండా ముందు, సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. దక్షిణ వియత్నాం మీద అతను ఒక గోల్, చునీ గోస్వామి రెండు కొట్టారు. 3-2తో ఫైనల్ చేరాం.

ఫైనల్ సెప్టెంబరు 4న, మళ్ళీ దక్షిణ కొరియాతోనే. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు పిలవకపోవడాన్ని భారత ప్రతినిధి సోంధీ తప్పుపట్టడంతో జకార్తాలో జనం మన మీద మండిపడుతున్నారు. స్టేడియం కిక్కిరిసి ఉంది, మనవాళ్ళు బంతి ముట్టుకుంటే చాలు గోల చేశారు. ఆ రోజు మనకోసం చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టువాళ్ళని మన ఆటగాళ్ళు తర్వాత తలుచుకునేవారు. ఆటకు ముందు రహీం సాబ్ పెద్ద ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదట. తనకు ఒక కానుక కావాలని, అది బంగారు పతకమని మాత్రం అడిగారట. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ గోల్ కొట్టారు. జ్వరం నుంచి లేచి వచ్చిన తంగరాజ్ గోల్ దగ్గర నిలబడ్డాడు. 2-1తో స్వర్ణం మనది.

జర్నైల్ మార్పు అదృష్టం కలిసొచ్చిన విషయం కాదు. పి.కె. ఈస్టర్న్ రైల్వేకు, చునీ, జర్నైల్ మోహన్ బగాన్‌కు, యూసుఫ్ ఖాన్ ఆంధ్రా పోలీస్‌కు ఆడేవారు. అందరూ మన లీగుల్లో, మన టోర్నమెంట్లలో ఏడాది పొడవునా బాధ్యత గల స్థానాల్లో ఆడినవాళ్ళు. ఒకడికి దెబ్బ తగిలితే ఇంకొకణ్ణి తిప్పి పెట్టగల వీలు కోచ్‌కు ఉండేది. గోల్ కొట్టే బాధ్యత ఎవరి క్లబ్బులో వాళ్ళు మోసి అలవాటైనవాళ్ళు ముందువరసలో నలుగురైదుగురు ఉండేవారు.

1963 జూన్ 11న రహీం సాబ్ హైదరాబాద్‌లో కన్నుమూశారు. వయసు 53 ఏళ్ళు.

ఆయన పోయాక వెంటనే అంతా కూలిపోలేదు. ఆంధ్రా పోలీస్ ఆ ఏడాది కూడా రోవర్స్ కప్ గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు కెప్టెన్ మన హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వచ్చారు. వీళ్ళంతా జీతం కోసం, పేరు కోసం కలకత్తా, బొంబాయి క్లబ్బులకు వెళ్ళారు. దానివల్ల హైదరాబాద్‌కు నష్టం జరిగింది గాని, దేశానికి జరగలేదు. ఎందుకంటే మన ఊళ్ళో ఖాళీ చేసిన చోటు కలకత్తాలో దొరికింది. ఆడే అవకాశం పోలేదు. ఇక్కడ చదివి ఇంకో జిల్లాలో ఉద్యోగం చేసినట్టే కదా. కొత్తవాళ్ళను తయారుచేసే మాస్టారు, ఆటగాణ్ణి నిలబెట్టే ఉద్యోగం, నగరంలో పోటీగా నడిచే లీగు, ఈ మూడూ మెల్లగా పల్చబడ్డాకే ఊట తగ్గింది.

ఇప్పటి సంగతికి వద్దాం. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ మొదలైనప్పుడు మైదానంలో ఒక జట్టుకు 6గురు విదేశీయులు ఉండొచ్చు. అంటే సగానికి పైగా. తర్వాత 5కు, 2021-22 నుంచి 4కు తగ్గించారు. విదేశీయుల రాకతో మంచి జరగలేదని నేను అనను. ఆట వేగం పెరిగింది, శిక్షణ, తిండి, క్రమశిక్షణ మారాయి. హెల్సింకీలాంటి పాఠాలు మనవాళ్ళకు ఇప్పుడు ఇంటి దగ్గరే దొరుకుతున్నాయి. కాని ఎంతమంది అనేదాని కంటే ఎక్కడ అనేది చూడాలి. 2014 నుంచి 2024-25 వరకు 11 సీజన్లు జరిగితే, అన్నింటిలోనూ అత్యధిక గోల్స్ బహుమతి విదేశీయుడికే పోయింది. 2021-22లో మన హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు గెలిచినప్పుడు మనమంతా సంతోషించాం. ఆ జట్టుకు 18 గోల్స్ కొట్టినవాడు నైజీరియా ఆటగాడు ఒగ్బెచే. గొప్ప ఆటగాడే. కాని గోల్ ముందు నిలబడి, వేలమంది అరుస్తుంటే గురి తప్పకుండా కొట్టడం అనే పాఠం మన కుర్రాడు ఏ లీగులో నేర్చుకోవాలి? పక్కన నిలబడి చూస్తే రాదు. మన హాస్టల్ గ్రౌండులో గట్టివాడి ఆట చూస్తూ నిలబడ్డవాడికి ఎంత వస్తుందో అంతే వస్తుంది.

దాని ఫలితం దేశ జట్టు చూసింది. 2024 జూన్‌లో సునీల్ ఛెత్రీ అంతర్జాతీయ ఆట నుంచి రిటైరయ్యాడు. గోల్ కొట్టేవాడు దొరక్క 2025 మార్చిలో, 40 ఏళ్ళ వయసులో, మళ్ళీ అతన్నే పిలవాల్సి వచ్చింది. 1962లో రహీం సాబ్ డిఫెండర్‌ను ముందుకు తెచ్చారంటే అది ఎత్తుగడ, ఎంచుకోవడానికి ఆయన చేతిలో మనుషులు ఉన్నారు. 2025లో ఛెత్రీని వెనక్కు పిలవడం వేరు మనుషులు లేకపోవడం వల్ల. నా లెక్కలో ఈ రెండింటి మధ్య తేడాయే మొదట చెప్పిన ప్రశ్నకు జవాబు.

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో 1970 కాంస్యం తర్వాత మనకు పతకం లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. తండ్రి శిక్షణలో రోమ్ వెళ్ళి బెంచి మీద కూర్చున్న హకీం తర్వాత అంతర్జాతీయ రిఫరీగా, కోచ్‌గా ఎదిగి, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకుని, 2021 ఆగస్టులో కాలం చేశారు. రహీం సాబ్ పెట్టిన వాటం లేని కాలి పోటీని మళ్ళీ పెట్టాలంటే కావలసింది ఒక బంతి, ఒక విజిల్, సాయంత్రం గంటసేపు గ్రౌండు. ఈ మూడూ మన హాస్టల్లో ఉన్నాయి.